నూట ముప్ఫై నాలుగో పేజీ

కోటేష్ ఆ అమ్మాయిని మొదటిసారి చూసింది పర్చూరు బస్సులో. పేరు తెలియదు గానీ ఊరు తెలుసు, ఎక్కగానే కండక్టరుతో "ప్రత్తిపాడు ఒకటి" అంది కాబట్టి. ఆ తర్వాత ఆమె ఈ లోకంలో లేదు. ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, రెండో చేత్తో నవల పట్టుకుని, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా బొటనవేలితోనే తిప్పుతూ నిలబడింది. అట్ట మీద పేరేమిటో చూడాలని కోటేష్ ఎంత మెడ వంచినా కనపడలేదు.

ప్రత్తిపాడు వచ్చింది. సగం బస్సు దిగింది. ఆమె దిగలేదు. బస్సు కదిలి ఊరు దాటింది.

"ఏవండీ, మీ ఊరు వెళ్ళిపోయింది," అన్నాడు కోటేష్.

"ఒక్క నిమిషం, చివరి పేజీ," అందామె తలెత్తకుండా. ఆ పేజీ కూడా అయ్యాక కిటికీలోంచి పత్తి చేలు చూసి, అతని మీద కళ్ళెర్రజేసింది. "ముందే చెప్పొచ్చుగా?"

"ముందే చెబితే వినేవారా?"

"అది వేరే సంగతి," అని బస్సు ఆపించి దిగి, చేల మధ్య రోడ్డు మీద వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. కోటేష్ తల కిటికీలోంచి బయటే ఉండిపోయింది. తను కూడా ప్రత్తిపాడులోనే దిగాలన్న సంగతి మరో మైలు దాటాక గానీ గుర్తు రాలేదు.

అది రెండువేల రెండు, ఫిబ్రవరి. కోటేష్‌ది నల్లపాడు. గుంటూరు మిరపయార్డులో ఒక కమీషన్ కొట్టులో కాయ చూసే పని. రైతులు తెచ్చిన టిక్కీలోకి, అంటే మిరప బస్తాలోకి, మోచేతి దాకా చెయ్యి దించి, అడుగున ఉన్న కాయ పైకి తీసి, విరిచి, వాసన చూసి మంచిదో తాలుదో చెప్పాలి. గోనె మూతి దగ్గర కనపడే కాయను చూసి మాట చెప్పేవాణ్ణి ఆ పనిలో ఒక్కరోజు కూడా ఉంచరు. కోటేష్ ఆరేళ్ళుగా ఉన్నాడు. అంత నిదానస్తుడు ఆ అమ్మాయి విషయంలో మాత్రం తిన్నగా ప్రత్తిపాడులో ఉన్న మేనత్త సుబ్బరావమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

ఆ పిల్లెవరో కనుక్కోడానికి ఆమెకి రెండు రోజులు చాలాయి. "ఆ పిల్ల అంకమ్మరావు గారి బిందుమాధవిరా. గుంటూరులో ఏదో ప్రైవేటు స్కూల్లో టీచరు. మనవాళ్ళే. ఆదివారం చూపులకి రమ్మన్నారు. కానీ ఒరేయ్, ఒక చిక్కుంది."

"ఏంటత్తా?"

"ఇప్పటికి ముగ్గుర్ని వెనక్కి పంపింది. వచ్చినోణ్ణల్లా ఈమధ్య ఏం నవలలు చదివారు, ఎట్లా ఉన్నాయి అని అడుగుద్దంట. ఒకడు అన్నీ బాగున్నాయన్నాడంట. వాణ్ణీ వద్దంది."

"బాగున్నాయంటే తప్పేముంది?"

"నాకేం తెలుసురా, నేనేమన్నా చదివానా?"

కోటేష్ చివరిసారి చదివింది పదో తరగతి తెలుగు వాచకం. అందులోనూ పరీక్షకి రావని మాస్టారు చెప్పిన పాఠాలు వదిలేశాడు. ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది.

ప్రత్తిపాడు సెంటర్లో ఖాదర్‌బీ అని ఒకామె కుట్టుమిషను ఒక పక్క, అద్దె పుస్తకాలు ఒక పక్క పెట్టుకుని కొట్టు నడుపుతుంది. అతను వెళ్ళేసరికి ఊడిపోయిన పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని మైదా జిగురుతో అతికిస్తోంది.

"రకానికొకటి ఇవ్వమ్మా. ఆదివారంలోగా చదివేయాలి."

"రెండు రోజుల్లోనా? పరీక్షలా బాబూ?"

"అలాంటిదే."

ఆమె నాలుగు పుస్తకాలు ఏరి ఇచ్చింది. డిటెక్టివ్‌ది 'ఏడో నంబరు లాకరు', సంసారపక్షంది 'గోరింట పండని చెయ్యి', దయ్యాలది 'కొండదొర కపాలం', ప్రేమది 'నీలిరంగు స్కూటర్'. శుక్రవారం డిటెక్టివ్ శవాన్ని చూడకముందే కోటేష్ నిద్రపోయాడు. శనివారం కపాలం నోరు విప్పకముందే నిద్రపోయాడు. మధ్యాహ్నం దాటాక భయం పట్టుకుని, పోనీ కథ చివరికేమైందో చూద్దామని వెనక్కి తిప్పితే, చివరి అట్ట లోపల పెన్సిల్‌తో సన్నగా ఏదో రాసి ఉంది.

'హంతకుడెవరో ముప్ఫయ్యో పేజీలో నాకు తెలిసిపోయింది. డిటెక్టివ్‌కి రెండొందల పేజీలు పట్టింది. ఇతనికి జీతం ఎవరిస్తున్నారో!'

గబగబా మిగతావి తిప్పాడు. అన్నిట్లోనూ అదే చేతిరాత. 'గోరింట'లో ఇలా ఉంది: 'ఈమె పదకొండుసార్లు ఏడ్చింది, లెక్కపెట్టాను. పన్నెండోసారి ఏడ్చింది నేను.' 'కపాలం'లో ఇలా: 'మాట్లాడినంతసేపూ భయం వేయలేదు. మాట్లాడటం మానేశాక వేసింది. ఆ సంగతి రచయితకి తెలిస్తే బాగుండేది.' ఇక 'స్కూటర్'లో: 'వాన ఎక్కువ, విషయం తక్కువ. అతను ఆమె కళ్ళ గురించి తొమ్మిది పేజీలు మాట్లాడాడు. ఆమె ఏం చదువుకుందో ఒక్కసారి అడగలేదు.'

ఎవరో గానీ గట్టి మనిషి అనుకున్నాడు కోటేష్. ఒక్కడే కూర్చుని పైకే నవ్వుకున్నాడు. తర్వాత ఎక్కాలు బట్టీ పట్టినట్టు నాలుగూ బట్టీ పట్టాడు.

ఆదివారం కాఫీలు, పలకరింపులు అయ్యాక ఇద్దర్నీ వసారాలో కూర్చోబెట్టి పెద్దవాళ్ళు లోపల గట్టిగా మిరప ధరలు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బిందుమాధవి అతన్ని గుర్తుపట్టింది. "బస్సులో మీరేగా?"

"నేనేనండి. ఆరోజు కాస్త ముందే చెప్పాల్సింది."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి కోటేష్‌కి కపాలం, లాకరు కలిసిపోయినంత పనైంది. "ఈమధ్య ఏమన్నా చదివారా?"

అతను గొంతు సవరించుకుని లాకరుతో మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మెచ్చుకుంటోంది అనుకున్నాడు. గోరింట అయింది, కపాలం అయింది. ఆమె ఒక్క మాటకీ అడ్డం రాలేదు. ఊపు మీద స్కూటరెక్కాడు.

"వాన ఎక్కువండీ, విషయం తక్కువ. అతను ఆమె కళ్ళ గురించి తొమ్మిది పేజీలు మాట్లాడాడు గానీ ఆమె ఏం చదువుకుందో..."

"ఒక్కసారి అడగలేదు," అని ఆమే పూర్తిచేసింది. "పెన్సిల్ రాత బాగా కనపడిందా? కొంచెం చెరిగిపోయి ఉండాలే."

కోటేష్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మిరపకాయకీ అతనికీ రంగులో తేడా లేదు.

"నవలలు చదవకపోవడం తప్పేం కాదండీ," అందామె. కోపంగా అంటే అతనికి బాగుండేది. నీరసంగా అంది. "అవి ఎందుకు రాస్తానో తెలుసా? ఎవరో ఒకరు చదివి, కాదు, నువ్వన్నది తప్పు అని నాతో పోట్లాడతారని. నేనేమన్నా తలూపేవాళ్ళు మా ఇంట్లోనే బోలెడుమంది ఉన్నారు. మీరు నా మాటలు నాకే అప్పజెప్పారు, అక్షరం పొల్లుపోకుండా."

"తప్పే," అన్నాడు కోటేష్. "మీరు కావాలనుకుని చేశాను."

ఆమె ఒక్క క్షణం అతని వంక చూసి, లేచి లోపలికి వెళ్ళింది. వారం రోజుల్లో ఏ సంగతో చెబుతామన్నారు అంకమ్మరావు గారు. అంటే ఏమిటో సుబ్బరావమ్మకి తెలుసు. ఆ ముగ్గురికీ అలాగే చెప్పారు.

కోటేష్ తిన్నగా ఖాదర్‌బీ దగ్గరికి వెళ్ళి మూడు పుస్తకాలు ఇచ్చేశాడు. 'స్కూటర్' మాత్రం ఉంచుకున్నాడు. "ఆ రాతలు బిందుమాధవి గారివని మీకు తెలుసా?"

"తెలుసు బాబూ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా. పుస్తకాలు చదువుకోడానికి తీసుకెళ్ళావనుకున్నాను."

సోమవారం నుంచి 'స్కూటర్' యార్డుకి వచ్చింది. రెండు లాట్ల మధ్య ఖాళీ దొరికితే టిక్కీల మీద కూర్చుని చదివాడు. అన్నం డబ్బా తెరిచి చదివాడు. నిద్ర రాలేదు, ఎందుకంటే ఈసారి ప్రతి పేజీలో ఆమె పక్కన నిలబడి చదువుతున్నట్టే ఉంది. బుధవారం నాటికి నవలలో కుర్రాడు భయస్థుడని తేలింది. కోటేష్‌కి వాడి మీద జాలేసింది, తర్వాత తన మీద తనకే వేసింది.

గురువారం నూట ముప్ఫై మూడో పేజీ తిప్పితే నూట ముప్ఫై ఆరు వచ్చింది. మధ్య కాగితాలు రెండు అంటుకుపోయి ఉన్నాయి, మైదా జిగురుతో. ఎప్పుడో ఖాదర్‌బీ చేసిన వైద్యం. ఎవరైనా పోనీలే అని ముందుకు వెళ్ళిపోతారు. అడుగు కాయ చూడకుండా మాట చెప్పడం కోటేష్ వల్ల కాదు. టీ గ్లాసు ఆవిరి పట్టి, గోరుతో నెమ్మదిగా విడదీసి చదివాడు. చదివి, ఎవరూ చూడట్లేదు కదా అని చుట్టూ చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు.

శనివారం పుస్తకం ఖాదర్‌బీ చేతికిచ్చి, ఇది ఆమెకి అందాలన్నాడు. చివరి అట్ట లోపల, ఆమె రాత కింద, చిన్నపిల్లల అక్షరాల్లో అతని రాత ఉంది.

'వాన ఎక్కువన్న మాట నిజమే. వాళ్ళిద్దరూ తడుస్తూ నవ్వుకుంటుంటే నాకు మాత్రం ఊళ్ళో ఎవరి కల్లంలో కాయ తడుస్తోందో, పట్టాలు కప్పారో లేదో అని గుబులు. రచయిత ఆ ఊసే ఎత్తలేదు. కానీ ఆమె ఏం చదువుకుందో అడగలేదన్నది తప్పు. నూట ముప్ఫై నాలుగో పేజీలో అడిగాడు. ఆ పేజీలు అంటుకుపోతే నేను విడదీశాను. ఆ ఒక్క మాట అడగడానికి భయపడే తొమ్మిది పేజీలు కళ్ళ గురించి మాట్లాడాడు. భయపడ్డవాడు ఏదేదో మాట్లాడతాడు. అరువు మాటలు కూడా మాట్లాడతాడు. నాకీ పుస్తకం నచ్చింది.'

ఆదివారం కబురు రాలేదు. సోమవారం సాయంత్రం, అత్త ఇంటికి వెళ్ళాలని తనకి తాను చెప్పుకుని, కోటేష్ పర్చూరు బస్సెక్కాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో 'స్కూటర్'. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు ఇంకా ఎర్రగా ఉంది.

"ఏడ్చారా?" అన్నాడు మెల్లగా.

"కూర్చోండి ముందు." పక్క సీటు చూపించి, పుస్తకం తెరవబోయి, కర్చీఫ్ అడ్డం పెట్టుకుని తుమ్మింది. "నిన్న మొత్తం ఇదే. మా అమ్మ ఆవిరి పట్టించింది, జలుబేమో అని."

కోటేష్ తన వేళ్ళు చూసుకున్నాడు. యార్డులో పనిచేసేవాళ్ళ చేతులు ఎంత కడిగినా మిరప ఘాటు పోదు. వాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు.

"మళ్ళీ మొదటి నుంచి చదివాను," అందామె. "మొదటి పేజీలో తుమ్మాను, చివరి పేజీలో తుమ్మాను, మధ్యలో ఒక్క పేజీ వదల్లేదు. నూట ముప్ఫై నాలుగులో అయితే కళ్ళు కనపడలేదు. చదివానని ఇంత గట్టిగా రుజువు చూపించినవాళ్ళని నేనెక్కడా చూడలేదండీ."

"క్షమించండి. చేతులు కడుక్కునే చదివాను."

"నేనే చెప్పాలి క్షమించమని. రెండు పేజీలు చదవకుండా అభిప్రాయం రాసి, మీకు నీతులు చెప్పాను. మీకూ నాకూ తేడా ఏముంది?"

"రెండొందల పేజీలు ఉందండీ," అన్నాడు కోటేష్ నిజాయితీగా.

ఆమె నవ్వింది, తుమ్మింది, మళ్ళీ నవ్వింది. తర్వాత పుస్తకం అట్ట మీద వేలితో రాస్తూ, అతని వంక చూడకుండా చెప్పింది. "ఇప్పుడు మా నాన్న మీ అత్తయ్య గారింటికి బయల్దేరి ఉంటారు. సరేనన్నానని చెప్పడానికి."

కోటేష్‌కి బట్టీ పట్టినవి కూడా ఒక్కటీ గుర్తు రాలేదు. అతని సంతోషం చూసి ఆమె కాస్త సిగ్గుపడి, వెంటనే గొంతు పెంచింది.

"అయినా మీరు రాసింది మొత్తం ఒప్పుకోను. అడిగాడు సరే, ఆమె చెప్పింది విన్నాడా? మళ్ళీ కళ్ళ దగ్గరికే వెళ్ళాడుగా?"

"విన్నాడండీ. నూట యాభైలో ఆమె చదువు సంగతి వాళ్ళమ్మకి చెబుతాడు. వినకపోతే ఎలా చెబుతాడు?"

"అది విన్నట్టా? ఊరికే గొప్ప కోసం చెప్పాడు."

"కాదండీ, మీరన్నది తప్పు."

ఆ మాటకి ఆమె అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. అంత ఇష్టంగా తననెవరూ చూడలేదు అనుకున్నాడు కోటేష్. బయట ఊరు కనపడింది.

"వచ్చేది ప్రత్తిపాడు," అన్నాడు. "ఈసారి ముందే చెబుతున్నాను."

"ముందు దీని సంగతి తేల్చండి," అందామె.

బస్సు ఆగింది, సగం ఖాళీ అయింది, కదిలింది. కాసేపటికి కండక్టరు తిట్టుకుంటూ పత్తి చేల మధ్య ఆపితే ఇద్దరూ దిగి వెనక్కి నడిచారు. ప్రత్తిపాడు చేరేదాకా విన్నాడని అతనూ, వినలేదని ఆమే.