ఇన్‌స్పెక్టరుతో చుట్టరికం

వానలో తడుస్తూ వచ్చిన ఆ అమ్మాయి వర్క్‌షాప్ గేటు పక్కనున్న కుళాయి దగ్గర ఆగింది. కట్టేసింది. కారింది. ఇంకా బిగించింది. ఇంకా కారింది.

"దీన్ని చేసిన మహానుభావుడెవరోగానీ, చేతులు కట్టేసి ఓ మూల కూర్చోబెట్టాలి" అంది, గొడుగుతో ఎదురొచ్చిన యువకుడితో.

"తప్పకుండానండీ" అన్నాడతను. ఆ మహానుభావుడు అతనే. గొడుగంతా ఆమె నెత్తిన పట్టి, తను నిలువునా తడుస్తున్న సంగతి కూడా గమనించే స్థితిలో లేడు.

"క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఇంటర్వ్యూ ఎక్కడండీ?"

అతని చేతిలో గొడుగు పక్కకి ఒరిగింది.

ఆ వర్క్‌షాప్‌లో కుళాయిలు చేస్తారు. యజమాని అతని తల్లి. తయారీ చూసుకునేది అతను. మొన్నటిదాకా ఇన్‌స్పెక్టర్ అతని బాబాయి. "మావాడు చేసింది కారుతుందా?" అని తనను తాను ప్రశ్నించుకోవడమే ఆయన చేసే పరీక్ష. సరుకంతా తిరిగొచ్చింది. ఇక కొనేవాళ్ళు షరతు పెట్టారు: యజమాని ఎవరికి చుట్టమైనా సరే, కుళాయి చేసేవాళ్ళకీ, పరీక్షించేవాళ్ళకీ చుట్టరికం ఉండకూడదు. ఇప్పుడే కాదు, ఇకముందూ కలుపుకోకూడదు.

అంటే ఈ అమ్మాయికి ఉద్యోగమొస్తే అతని భార్య కావడానికి వీల్లేదు. చూసి ఇంకా గొడుగైనా ముడవలేదు, మనవాడు పెళ్ళిదాకా వెళ్ళిపోయాడు. మగవాళ్ళకి కొన్నిటిలో మహా వేగం. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టడానికే ఆలస్యం.

ఎలాగైనా ఆమెను ఫెయిల్ చేయాలని నిశ్చయించుకున్నాడు.

పరీక్ష సులువైనదే. కుళాయిని నీళ్ళ తొట్టిలో ముంచి గాలి కొట్టాలి. బుడగలొస్తే లీకు. ముందుగా ఒక నవ్వుమొహం పెద్దమనిషి వచ్చాడు. తొట్టి కుతకుతలాడింది.

"ఆహా, ఎంత గుండ్రటి బుడగలండీ! పాస్."

"వీరే తగిన మనిషి మేడమ్" అన్నాడు కొడుకు. వర్క్‌షాప్‌లో అమ్మని మేడమ్ అనాలని రూలు.

"నోర్మూసుకో" అంది మేడమ్. కొడుకుని మర్యాదగా పిలవాలని రూలు లేదు.

తరవాత ఆమె వంతు.

"ఇది పనికిరాదు. ఇదీ పనికిరాదు. ఇది కారదుగానీ, తిప్పడానికి ఓ పహిల్వాన్ కావాలి. కనక ఇదీ పనికిరాదు."

"మీకు సర్దుకుపోయే గుణం లేదా?" అన్నాడతను.

"మనుషులతో ఉందండీ. కుళాయిలతో లేదు. పాత ఉద్యోగం అందుకే పోయింది."

"బయట వాన మీద మీ అభిప్రాయం?"

"పైన ఎక్కడో వాషర్ అరిగిపోయిందండీ."

మేడమ్ పకపకా నవ్వింది. అతను "నా లెక్కలో ఈవిడ రిజెక్ట్!" అని వరండాలోకి పారిపోయాడు.

ఆమె వెనకే వచ్చింది.

"కారణం చెప్పకుండా నేను అరిగిన మర కూడా పక్కన పడెయ్యను. నాలో లోపమేంటో చెప్పండి."

"లోపం లేదండీ. అదే వచ్చిన చిక్కు. మీరిక్కడ చేరితే... రూలు ప్రకారం మనిద్దరికీ పెళ్ళి కుదరదు."

ఆమె కుళాయిని చూసినట్టే అతన్నీ కింద నుంచి పైదాకా చూసింది.

"ఆ పెళ్ళికి నేనూ రావాలా, మీరొక్కరే కానిచ్చేస్తారా?"

"మీకిష్టమైతేనే..."

"నాకు ఉద్యోగం ఇష్టం. ఖాళీగా కూర్చుని మా అమ్మ మడతపెట్టిన దుప్పట్లు రిజెక్ట్ చేస్తున్నా. అమ్మ నాతో మాట మానేసింది. మీకు నచ్చానని నా నోటికాడి కూడు తీసేస్తారా?"

అతని తల వాలిపోయింది. లోపలికెళ్ళి, "ఆమెనే తీసుకోండి మేడమ్. నేను చెప్పింది అన్యాయం" అన్నాడు.

"విన్నాలే. ఆ కిటికీ బిగించింది నువ్వేగా, మాట ఆగితేనా! ఇన్‌స్పెక్టర్ దొరకడం కష్టం. కారే కుళాయిలు చేసేవాడు వీధికొకడు దొరుకుతాడు. తయారీ పని మన మేస్త్రీకి ఇచ్చేస్తున్నా. నిన్ను పీకేశా."

"అమ్మా!" ఆనందం పట్టలేకపోయాడు.

"మేడమ్."

"మరి నేనేం చెయ్యాలి మేడమ్?"

"నీ కుళాయిలు ఊరంతా కారుతున్నాయి. ఇంటింటికీ వెళ్ళి బాగుచెయ్. ఈ జన్మకి సరిపోతుంది."

నవ్వుమొహం పెద్దమనిషిని సేల్స్‌లో వేసుకున్నారు.

అతను సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. తిట్లు తిన్నాడు, పని నేర్చుకున్నాడు. వర్క్‌షాప్‌లో ఎదురుపడితే ఆమె కుళాయిల గురించి తప్ప మాట్లాడేది కాదు. ఒకసారి ధైర్యం చేసి, "నా సంగతేమైనా..." అన్నాడు.

"పరీక్షలో ఉంది" అంది, తొట్టిలోంచి తలెత్తకుండా.

ఓ సెలవురోజు ఆమె ఫోన్. "మా ఇంట్లో కుళాయి కారుతోంది. రండి."

పరుగెత్తాడు. పేపర్ మీద నుంచి వాళ్ళ నాన్న కళ్ళు, వంటింటి తలుపు చాటు నుంచి వాళ్ళమ్మ కళ్ళు. వంటింట్లో చూశాడు, స్నానాలగదిలో చూశాడు, పెరట్లో చూశాడు. ప్రతిదాని కిందా అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఎక్కడా చుక్క కారట్లేదండీ."

"తెలుసు."

ఆమె మొహం కందిపోయింది. బాగున్న వస్తువుని బాగాలేదని చెప్పడం పుట్టి బుద్ధెరిగాక ఆమెకదే మొదలు.

"ఏమే, కుళాయిలతను భోంచేసి వెళ్తాడా?" వంటింట్లోంచి తల్లి కేకేసింది.

"భోంచేస్తాడమ్మా" అంది ఆమె. "వెళ్ళే సంగతి తరవాత చూద్దాం."