తెల్లపట్టు పోగు

ఆదివారం ఉదయం ధర్మవరంలో రైలు దిగి దిల్షాద్ ఇంటికి వచ్చేసరికి తండ్రి బుడన్‌సాబ్ పెరట్లో బావి గట్టున ఉన్నాడు. చెంబుడు నీళ్లు తోడి, అందులో తెల్లపట్టు పోగు ముంచి, ఎండకు పట్టి చూశాడు. పోగు తెల్లగానే ఉంది. ఆ నీళ్లు గటగటా తాగేశాడు.

పట్టుకు రంగు అంటకపోతే నీళ్లు మంచివని ఆయన నమ్మకం. జీవితమంతా పట్టునూలుకు రంగులద్ది, ఆ మిగులు నీళ్లు పెరటి గుంతలోకే వదిలాడు. పక్కనున్న బావి నీళ్లు ఇలాగే పరీక్షించి ఇంటిల్లిపాదికీ తాగించాడు. భార్య ఖాసింబీ కిడ్నీలు చెడి చనిపోయాక ఆ ఇంట్లో రెండో మనిషి అలికిడి లేదు. డిగ్రీ చదివిన కూతురికి హిందూపురంలో ఉద్యోగం. ఆయన ఒక్కడే వండుకుని, ఖాళీ పీట ఎదురుగా కూర్చుని తింటాడు.

"ముందర కొళాయి ఉండాది కదా నాయనా! ఈ నీళ్లెందుకు తాగుతాండావు?"

"కొళాయి నీళ్లు చప్పగా ఉంటాయిలే. కూర్చో, టీ పెడతా."

"టీ గూడా వీటితోనేనా?"

"మీ అమ్మ ఇన్నేండ్లు దేంతో కాసిందనుకున్నావు?"

ఇంతలో పిట్టగోడ మీంచి పక్కింటి సుంకన్న తొంగిచూశాడు.

"ఏమప్పా బుడన్‌సాబ్, నీ పెరడు చుట్టూ రోడ్డు వంకర తిరగాల్నా? లారీ రాక నూలు మూటలు మోసి మోసి నా నెత్తి బోడి అయిపాయ!"

"నీ నెత్తి మీ నాయన కాలం నుంచీ బోడే పోరా," అన్నాడు బుడన్‌సాబ్. నవ్వలేదు.

వీధిలోని పాత అద్దకం పెరళ్లలో చెడిన మన్ను తీసేసి, బావులు పూడ్చి, మురికినీళ్లు శుద్ధి చేసే ఏర్పాటుతో అందరికీ ఒకే అద్దకపు షెడ్డు కడతామని, లారీ పట్టే రోడ్డు వేస్తామని మున్సిపాలిటీ వాళ్లు చెప్పారు. అందరూ ఒప్పుకున్నారు. నడిమధ్యలోని ఈ పెరడే మిగిలింది.

"ఒప్పుకో నాయనా. మన్ను, నీళ్లు రెండూ చెడినాయని మున్సిపాలిటీ వాళ్ల పరీక్షలో తేలింది."

"నిన్న మొన్న వచ్చినోళ్లు తేలుస్తారా? నా పట్టు అబద్ధం చెప్తాదా?"

"పట్టుకు రంగు తెలుస్తాది. రంగు లేని విషం దానికేం తెలుస్తాది?"

"నీళ్లు బాగుండాయి! నేను తాగడం లే? నాకేమైంది?"

"అట్లయితే నేనూ తాగుతా."

దిల్షాద్ చెంబు ముంచి నోటి దగ్గర పెట్టుకుంది. బుడన్‌సాబ్ ఒక్క దెబ్బతో దాన్ని ఎగరగొట్టాడు. చెంబు బండల మీద దొర్లి దొర్లి ఆగింది. ఆయన తన చెయ్యి వైపే చూసుకుంటూ గట్టు మీద కూలబడ్డాడు.

"మన్ను తవ్వనిస్తే తప్పు నాదేనని నేను ఒప్పుకున్నట్టే గదమ్మా. నోరు చేదుగా ఉంటాది, ఈ నీళ్లు వద్దు అనేది మీ అమ్మ. నేనే పట్టు చూపించి, ఏం కాదు తాగమన్నా. నేనూ ఇవే తాగి ఆమె దారినే పోదామనుకున్నా. నాకేమో ఏమీ కాలే."

ఇన్నాళ్లూ తండ్రిది మొండితనమే అనుకుంది దిల్షాద్. ప్రతి ఆదివారం వచ్చి మందలించింది గానీ, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. పక్కన కూర్చుని ఆయన తడి చెయ్యి పట్టుకుంది.

"ఈ నీళ్లవల్లేనని డాక్టర్లు చెప్పలే నాయనా. కాదనీ చెప్పలే. అది మనకు ఎప్పటికీ తెలీదు. కానీ సుంకన్న మామ మనవరాలు ఎండిన ఆ రంగునీళ్ల గుంతలోనే ఆడుకుంటాంది."

బుడన్‌సాబ్ లేచి గుంత అంచు దాకా నడిచాడు.

"రమ్మను ఆ మున్సిపాలిటీ వాళ్లని," అన్నాడు.

తవ్వే యంత్రం వచ్చిన రోజు దిల్షాద్ సెలవు పెట్టింది. మన్ను చారలు చారలుగా పైకి వచ్చింది, కుంకుమ ఎరుపు, చిలకపచ్చ, వంగపండు రంగు. వీధంతా వింతగా చూసింది.

"వంగపండు రంగంటే మీ అమ్మకి ప్రాణం," అన్నాడాయన మెల్లగా. జేబులోని పట్టుపోగు తీసి గుంతలోకి జారవిడిచాడు.

"దాహమైతాంది. కొళాయి నీళ్లు తేమ్మా."

దిల్షాద్ లేచింది.

"రెండు గ్లాసులు తే. నువ్వూ తాగుదువు."