గడప లేని ఇల్లు

ఊళ్ళో వాళ్ళందరికీ ఇళ్ళ ప్లాన్లు గీసి గీసి విసుగొచ్చి, చివరికి నాకోసం ఒకటి కట్టుకున్నాను. వెనక చెట్ల వాలు, దాని కింద వాగు. హాలుకి ఆ వైపు గోడే లేదు, పక్కకి జరిగే అద్దాలు, ఇంట్లోకి దారీ అవే. లోపల పరిచిన నల్లరాయినే బయట చెట్ల మొదళ్ళ దాకా పరిపించాను. మధ్యలో గడప లేదు, మెట్టు లేదు. ఇల్లెక్కడ ఆగిందో, బయటెక్కడ మొదలైందో కనిపెట్టండి చూద్దాం అని వచ్చినవాళ్ళందరినీ సవాలు చేసేదాన్ని.

"ఇది ఇల్లా, బస్టాండా?" అన్నారు మా అత్తగారు. "ఒక గడప పెట్టించవే, నీకు దణ్ణం పెడతాను."

"చచ్చినా పెట్టను, అత్తయ్యా."

ఆవిడ మూతి ముడుచుకుని కూతురింటికి వెళ్ళిపోయారు. మా ఆయనది ఓడ మీద ఉద్యోగం. ఇంట్లో నేనూ, ఆరేళ్ళ మా చిట్టీ మిగిలాం.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం హాల్లో తడి అడుగులు కనిపించాయి. చిట్టి మీద కేకలేశాను. "నేను కాదమ్మా, చూడు," అని పొడి పాదాలు ఎత్తి చూపించింది. వంగి చూశాను. వేళ్ళున్నాయి. మడమ లేదు. కుళ్ళిన ఆకుల వాసన. అద్దాలు మూసే ఉన్నాయి.

మర్నాడు ఆ అడుగులు సోఫా దాకా వచ్చాయి. ఆ తర్వాత చిట్టి గది మలుపు దాకా.

అత్తగారికి ఫోన్ చేశాను. "చిట్టిని తీసుకుని వచ్చేయవే," అని గుసగుసలాడారు, పక్కన ఎవరైనా వింటారన్నట్టు.

"నా ఇల్లు నేనెందుకు వదలాలి? పోతే ఆ వచ్చేదే పోతుంది."

భయం వేసింది, కాదనను. కానీ ఒళ్ళు మండింది, అది ఎక్కువ. ఇల్లెక్కడ మొదలవుతుందో దానికి తెలియట్లేదు, అంతేగా? తెలిసేలా చేస్తాను.

మర్నాడు సాయంత్రం చిట్టిని గదిలో పడుకోబెట్టి, రాయి కోసే మిషన్ తెచ్చి అద్దాల కింద గాడి కోయడం మొదలుపెట్టాను. దుమ్ము... చెవులు చిల్లులు పడే రొద. సగం కోశానో లేదో ఆ వాసన వచ్చింది. నా భుజం పక్క నుంచి... చల్లగా... లోపలికి పోయింది. ఆగితే ఓడిపోయినట్టే అనుకున్నాను. ఆపలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కోసి పారేశాను.

"ఇదిగో హద్దు!" అని అరిచాను. "ఇటు నాది, అటు నీది. దమ్ముంటే దాటు!"

వాగు చప్పుడు కూడా ఆగిపోయింది.

తెల్లారి మంచి ఎండ. హాల్లో ఒక్క అడుగూ లేదు. అత్తగారికి ఫోన్ చేసి గొప్పలు పోయాను. చిట్టికి స్కూలు బ్యాగు తగిలించి అద్దం జరిపాను. అది గాడి దాకా వచ్చి ఆగిపోయింది.

"పదవే, టైమైంది."

"దాటమన్నావుగా... దాటలేకపోతున్నానమ్మా."

చెయ్యి పట్టి లాగాను. గోడని లాగినట్టుంది. చెయ్యి తడిగా ఉంది. వెనక్కి చూశాను. గది నుంచి ఇక్కడి దాకా తడి అడుగులు, చిట్టి పాదాలంతవే. వేళ్ళున్నాయి... మడమ లేదు.

నేను హద్దు గీసేలోపే అది లోపలికొచ్చేసింది. అయినా ఈ చెయ్యి నా కూతురిది. వదల్లేదు.

"సరే, ఈ గాడి పూడ్చేస్తాను," అన్నాను, దాని కళ్ళలోకి చూసి. "నువ్వెవరో గానీ పో. నా బిడ్డని నాకు వదిలిపెట్టు."

చిట్టి తల అడ్డంగా ఊపింది. "పూడ్చకమ్మా," అంది మెల్లగా. "వాళ్ళు కూడా వస్తారు."

అప్పుడు చూశాను బయటికి. ఎండలో పొడిగా ఉన్న నల్లరాయి మీద తడి అడుగులు, చెట్ల దాకా. అన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. ఒక్కటీ గాడి దాటలేదు.

"రానీ," అన్నాను. "వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం నాతో వస్తావు."

సిమెంటు కలిపి తాపీ అందుకున్నాను. మొదటి ముద్ద గాడిలో వేయగానే, బయట ఆ అడుగులు ఒక్కొక్కటే పక్కకి జరిగాయి... చెట్ల వెనక నుంచి వస్తున్న ఎవరికో దారి ఇస్తున్నట్టు.