అద్దెకు తెచ్చిన వాన

ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అయినా ఎవాంజెలిన్ నెత్తిమీద కుండపోతగా వాన కురిసింది. ఇస్త్రీ చుడీదార్, చేతిలో ఫైలు, పొద్దున్నే వాళ్ళమ్మ తిట్టి మరీ వేసిన జడ, అన్నీ ఒక్క దెబ్బకి ముద్దయిపోయాయి.

"ఎవడ్రా అది!" అని అరిచింది, ఖతార్‌లోని అల్ ఖోర్ సముద్రపు ఒడ్డున, ఐరిష్ వాళ్ళ మధ్యన నిలబడి, అచ్చమైన నరసాపురం గొంతుతో.

నీళ్ళ ట్యాంకర్ మీద పైపు పట్టుకున్న కుర్రాడు కొయ్యబారిపోయాడు. "మేడమ్... మీరు తెలుగోళ్ళా?"

"తెలుగువాళ్ళయితే తడిపేస్తారా?"

"గట్లగాదు మేడమ్. ఎవ్వలు లేరనుకొని పైపు చెక్ జేసిన. గిట్ల నడిమిట్లకొస్తరని నాకేమెర్క?"

"అంటే తప్పు నాదా?"

"కాదు మేడమ్. తప్పు వానది."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఒళ్ళు మండింది.

అతని పేరు భూమేష్, ధర్మపురి పక్క పల్లె. అసలు తమాషా ఏంటంటే, ఆ ట్యాంకర్‌ని అద్దెకు పిలిపించింది ఎవాంజెలినే. రెయినీ హిల్ పిక్చర్స్ అని ఆరుగురున్న చిన్న ఐరిష్ కంపెనీ. ఏ పెద్ద స్టూడియో అండా లేకుండా సొంతంగా టీవీ సినిమాలు తీస్తుంది. ఈసారి దోహాలో పెళ్ళి చేసుకునే ఓ తెలుగు జంట కథ ఎత్తుకుంది. కథలో పెళ్ళి వానలో జరగాలి. మనుషుల దగ్గర్నుంచి వాన దాకా ఇక్కడ దొరికేవన్నీ సమకూర్చే ఉద్యోగం ఎవాంజెలిన్‌ది.

"మా దేశంలో వాన లేని రోజు దొరక్క షూటింగులు ఆగిపోతాయి. ఇక్కడికొచ్చి వాన కోసం ట్యాంకర్ పిలుస్తున్నాను. మా అమ్మకి తెలిస్తే నవ్వుతుంది" అని డైరెక్టర్ ఓర్లా తల పట్టుకుంది.

ఆ రోజు నుంచి భూమేష్ ప్రతి ఉదయం ట్యాంకర్ మీంచి అడిగేవాడు: "మేడమ్, ఇయ్యాల ముసురా, పెద్దవానా?"

"నా మీద పడనిది ఏదైనా పర్లేదు."

"గది మాత్రం మాఫీ" అనేవాడు, అరబ్బీలో లేదని చెబుతూ. "స్టాక్ లేదు."

మాటకి మాట, చూపుకి చూపు. అలా అలా షూటింగ్ చివరికొచ్చేసింది. రేపు ప్యాకప్. ఎల్లుండి భూమేష్‌ని వాళ్ళ కంపెనీ ఖతార్ ఉత్తరపు కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్ సైట్‌కి పంపించేస్తుంది. ఈలోపు తన మనసులో మాట చెప్పెయ్యాలని ఎవాంజెలిన్ రోజూ అనుకునేది. రోజూ గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

ఆ సాయంత్రం పెళ్ళి సీను. హీరో హీరోయిన్లు ఇంకా మేకప్‌లోనే ఉన్నారు. లైట్లు సరిచూసుకోవడానికి వాళ్ళ బదులు ఇద్దరు నిలబడాలి. సినిమావాళ్ళు స్టాండ్-ఇన్ అంటారు. ఓర్లా అటూ ఇటూ చూసి, చేతికందిన ఇద్దరి మెడల్లో పూలదండలు వేసేసింది. ఆ ఇద్దరూ ఎవరో చెప్పక్కర్లేదు. పైపు భూమేష్ రూమ్మేట్ రాజేశం చేతికి వెళ్ళింది.

వాన మొదలైంది. దండలోంచి నీళ్ళు కారుతుంటే భూమేష్ దాన్నే సర్దుకుంటున్నాడు. ఎవాంజెలిన్ అతన్ని చూస్తూ లైట్ల సంగతి మరిచిపోయింది.

రాజేశం ఊరుకోవచ్చు కదా? ఓ చేత్తో పైపు, ఓ చేత్తో ఫోను. ‘మా భూమేష్’ అని రెండే మాటలు రాసి, ఫొటోని ఊరి గ్రూపులో పడేశాడు.

గంటన్నర తరవాత, టీ బ్రేక్‌లో, భూమేష్ ఫోన్ మోగింది. స్పీకర్లో, గల్ఫ్‌లో ఏ ఊరైనా దుబాయే అనే వాళ్ళమ్మ గంగాబాయి ఏడుపు.

"దుబాయ్‌ల పెండ్లి జేస్కున్నవారా! కన్నతల్లికొక్క మాట జెప్పద్దా? గింత పసుపన్న పెట్టకపోతినిరా కొడుకా!"

షూటింగ్ అంతా నిర్ఘాంతపోయింది. తెలుగు రాని ఐరిష్ వాళ్ళు కూడా టీ కప్పులు కింద పెట్టేశారు.

"అవ్వా, గది పెండ్లి కాదే! డ్యూటీ! వేరేటోళ్ళ బదులు నిలవడ్డం, గంతే. ఆమెకు నాకు ఏం లేదు!"

ఏం లేదు. ఆ రెండు మాటలు ఎవాంజెలిన్‌కి గుచ్చుకున్నాయి. తను ఇంతగా బాధపడుతుందని తనకే తెలియదు. దండ తీసి కుర్చీ మీద పెట్టి, గిరుక్కున తిరిగింది.

తిరిగి చూస్తే ఎదురుగా నాన్న!

విజయరత్నం దోహాలో తాముండే ఐన్ ఖాలిద్ నుంచి కారేసుకుని వచ్చేశాడు. రోజూ ప్రార్థన లేకుండా ముద్ద ముట్టని మనిషి. ఫొటో ఆ గ్రూపులోంచి ఈ గ్రూపులోకి దూకి ఆయన ఫోన్లోకి చేరిపోయింది.

"ఏంటమ్మా ఇది?"

"డ్యూటీ డాడీ. వేరేవాళ్ళ బదులు నిలబడ్డాం, అంతే."

"బదులు నిలబడ్డావు. బాగానే ఉంది." ఆయన ఫోన్ ఆమె కళ్ళ ముందు పెట్టాడు. "మరి ఈ చూపు ఎవరి బదులు చూశావమ్మా?"

ఎవాంజెలిన్ ఫొటో చూసి అదిరిపడింది. తన మొహం తనని నిలువునా పట్టించేసింది. ఇప్పుడు కాదంటే భూమేష్ దక్కడు. అవునంటే నాన్న ఏమైపోతాడో!

"ఎవరి బదులూ కాదు డాడీ. నేనే చూశాను. అతనంటే నాకిష్టం."

ఆయన అక్కడున్న లైట్ల పెట్టె మీద కూలబడ్డాడు. భూమేష్ చేతిలో టీ కప్పు జారి ఇసకలో పడింది.

"సార్..." అంటూ ముందుకొచ్చాడు. "అవ్వకు అబద్ధం జెప్పిన. ట్యాంకర్ తోలేటోనితోని మేడమ్ పేరు ఖరాబైతదని ఏం లేదన్న. ఉన్నది సార్. శానా ఉన్నది."

విజయరత్నం అతన్ని ఎగాదిగా చూశాడు. "మా చర్చికొస్తావా?"

"వస్త సార్. మీరు మా అవ్వ కాడికొస్తరా?"

ఈ ఎదురు ప్రశ్న ఆయన ఊహించలేదు. అంతలో భూమేష్ ఫోన్ మోగింది. స్పీకర్లో మళ్ళీ గంగాబాయి.

"ఊరంత లడ్డూలు పంచిన! ఇప్పుడు కాలేదంటె నా మొకమెక్కడ వెట్టుకోవాల్రా? ఆ పిల్ల మంచిగున్నది. నిన్నెట్ల జూస్తున్నదో నాకు కండ్లు లేవా? ఆమె నాయిన ఎవ్వలో, ఫోనియ్యి!"

భూమేష్ బిక్కచచ్చిపోయి ఫోన్ ఇవ్వబోయాడు. విజయరత్నం కూతురి మొహంలోకి చూశాడు. ఫోన్ అందుకున్నాడు.

"నమస్కారం వదినగారూ. నేను పిల్ల తండ్రిని."

వదినగారూ! వియ్యపురాలిని పిలిచే పిలుపు అది. అంతసేపు గడగడలాడించిన గంగాబాయి గొంతు అవతల ఒక్కసారిగా మెత్తబడింది.

సరిగ్గా అప్పుడే ఎవాంజెలిన్ ముక్కు మీద ఓ చినుకు పడింది. రాజేశం వైపు కోపంగా చూసింది. అతని పైపు కట్టేసే ఉంది. తల ఎత్తితే నల్లటి మబ్బు. ఖతార్‌లో వాన! నిజం వాన!

"దేవుడా, ఈ సన్న వాన కెమెరాకి కనపడదు! ట్యాంకర్ నీళ్ళు వదలండి! స్టాండ్-ఇన్స్ రండి!" అని ఓర్లా గగ్గోలు పెట్టింది.

భూమేష్ అలవాటుగా కదలబోయాడు. ఎవాంజెలిన్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"వేరేవాళ్ళని చూసుకోమనండి. ఇవాళ మనం ఎవరి బదులూ నిలబడం."

"సరే మేడమ్."

"ఇంకా మేడమేనా?"

రాజేశం ఫోన్ తీసి, విజయరత్నాన్ని చూసి భయపడి మళ్ళీ జేబులో పెట్టుకోబోయాడు.

"తియ్యవయ్యా" అన్నాడాయన, ఫొటోకి అడ్డం లేకుండా పక్కకి జరుగుతూ. "ఇద్దరి మొహాలూ బాగా కనపడాలి. వదినగారికి పంపాలి."