ఏటిమొగ గుడిలో సందెపిలుపు

జావా ఉత్తర తీరంలో ఏటిమొగ దగ్గర చైనావాళ్ళు కట్టుకున్న సముద్రపు తల్లి గుడి ఉంది. పగటిపూట అక్కడికి ఎవరైనా వెళతారు. సందె పడ్డాక మాత్రం దాని వెనక గదివైపు తల కూడా తిప్పరు. పోయినవాళ్ళ పేర్లు చెక్కిన కొయ్యపలకలు ఉండే గది అది. చీకటి పడగానే అందులోంచి ఒక ఆడగొంతు పిలుస్తుందట... పలికినవాడు ఏడాది తిరక్కుండా ఆ పలకల్లో ఒక పలక అవుతాడట.

ఈ సంగతి గునాదికి రిక్షావాడు చెప్పాడు.

"వెనక గేటు దాకా నేను రాను సార్. ఇక్కడే దిగండి."

"దెయ్యానికి నీతో ఏం పనయ్యా?"

"నా దగ్గరేముంది, ఎముకలు. మీరైతే దాని తిండికి పదిరోజులొస్తారు!" అని నవ్వాడు వాడు. నవ్వినందుకు తానే భయపడి, గబగబా రిక్షా తిప్పుకున్నాడు.

గునాది నవ్వలేదు. అరవై రెండేళ్ళ మనిషి. సురబయ పట్నంలో మూడు టైల్స్ దుకాణాలున్నాయి. వచ్చే సోమవారం గుండె ఆపరేషన్. బల్లమీద పడుకునేలోపు చనిపోయిన తల్లిని ఒక్క మాట అడగాలని వచ్చాడు.

అడగవలసిన మాటే. ఆమె ఈ ఊళ్ళోనే అరటాకుల్లో అన్నం ముద్దలు చుట్టి, అమ్మి, అతణ్ణి చదివించింది. అతను పెద్దవాడయ్యాక ఆ చేతుల వాసనకు సిగ్గుపడ్డాడు. పెళ్ళివారితో తల్లి లేదని చెప్పాడు. జబ్బు చేసిందని కబురొస్తే, కొత్త దుకాణం తెరిచి వస్తానన్నాడు. తెరిచాడు. వచ్చేసరికి ఆమెమీద కప్పిన మట్టి ఆరిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఈ ఊరి ముఖం చూడలేదు. ఇంతకంటే చిన్న తప్పులకు జైళ్ళున్నాయి. దీనికి జైలు లేదు.

తల్లికి పెట్టడానికి మాంసం పళ్ళెం తెచ్చిన అతణ్ణి వెనక గదిముందు గుడి కాపరి వాగిమిన్ ఆపాడు. జావా ముసలాయన, తలపాగా, చేతిలో లాంతరు.

"ఆ మాంసం పళ్ళెం గడప బయట పెట్టండయ్యా. లోపల మా జావా ముస్లిం పెద్దాయన పీఠం కూడా ఉంది. పంది మాంసం ఆయన ముందుకు రాకూడదు."

"మరిచిపోయాను పెద్దాయనా."

"ఈ ఊళ్ళో పుట్టి?"

గునాది పళ్ళెం గడప బయట పెట్టాడు.

"త్వరగా కానివ్వండి. నేను నమాజు చేసుకొస్తా," అని వాగిమిన్ వెళ్ళిపోయాడు.

లోపల ఒక్కటే కొవ్వొత్తి. టేకు స్తంభాల నడుమ పలకలు వరసలు వరసలుగా... అద్దకపు బాతిక్ గుడ్డ పరిచిన పీఠంమీద మల్లెలు, అగరుబత్తి బూడిద. గునాది తల్లి పలక ముందు మోకరిల్లి, నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. విసిరితే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడాలి. అప్పుడే సరేనన్నట్టు.

"అమ్మా... నన్ను క్షమించావా?"

రెండూ బోర్లా పడ్డాయి. కాదు.

మళ్ళీ విసిరాడు. కాదు.

మూడోసారి విసిరాడు. రెండూ బోర్లాయే... అప్పుడే కొవ్వొత్తి కూడా ఆరిపోయింది.

చీకట్లో, పలకల వెనకనుంచి—

"తోలే... సందె పడింది. ఇంట్లోకి రా నాయనా."

గునాదికి పలకకూడదని తెలుసు. కానీ తల్లి పిలుపుకు ఒకసారి పలకనివాడు అతను. ఇంకోసారి ఊరుకోలేకపోయాడు.

"అమ్మా... వచ్చాను."

ఒక సన్నని చెయ్యి, చల్లగా, తడుముకుంటూ వచ్చి అతని జుట్టు మీద ఆగింది.

"ఇంత ఆలస్యమా! అన్నం తిన్నావా?"

"తప్పు చేశానమ్మా..."

"పిల్లలు ఆలస్యంగానే వస్తారు. అమ్మకు కోపమేమిటి?"

గునాది ఆ ఒళ్ళో ముఖం దాచుకుని ఏడ్చాడు. కళ్ళెత్తి చూడలేదు. చూస్తే ఆమె ఉండదేమోనని భయం.

బయటికి వచ్చేసరికి వాగిమిన్ తిరిగొచ్చాడు.

"మూడుసార్లూ కాదనే పడింది పెద్దాయనా! కానీ మా అమ్మ క్షమించింది. తలమీద చెయ్యి పెట్టింది!"

వాగిమిన్ లాంతరు కింద పెట్టాడు.

"ఏమని పిలిచింది?"

"తోలే... అని."

"మీది చైనావాళ్ళ ఇల్లు. మీ అమ్మ మిమ్మల్ని అలా పిలిచేదా?"

గునాది గది వైపు తిరిగి చూశాడు.

"న్యో... అనేది."

"కొడుకుల్ని తోలే అని పిలిచేది మా జావా తల్లులు. మిమ్మల్ని పిలిచింది మా అక్క పైంతెన్. చూపు లేదు. కొడుకు చేపల పడవెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. సమాధి లేని బిడ్డకు పూలెక్కడ పెట్టనని ఏడుస్తుంటే, మీవాళ్ళే పేరు లేని పలక ఒకటి లోపల పెట్టిచ్చారు. ముప్పై ఏళ్ళయింది. సందెవేళ పిల్లల్ని లోపలికి పిలవాలి కదా... పిలుస్తుంది. దెయ్యమని పుకారు పుట్టించింది నేనే. లేకపోతే గుడి కమిటీవాళ్ళు ఆమెను అక్కడ ఉండనివ్వరు."

"మరి... మా అమ్మ?"

"ఆమె జవాబు మీ కళ్ళముందే పడింది కదయ్యా."

గునాది గేటువైపు రెండడుగులు వేశాడు.

లోపలినుంచి గొంతు వచ్చింది. "తోలే... వెళ్ళిపోయావా?"

"ముప్పై ఏళ్ళలో ఆ పిలుపుకు పలికింది మీరొక్కరే," అన్నాడు వాగిమిన్ మెల్లగా.

గునాది ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"లేదమ్మా. ఇక్కడే ఉన్నాను."

చీకట్లో ఎవరో హాయిగా నిట్టూర్చారు.

"అయితే రేపట్నుంచి పిలవనులే."