రెండు చెవులకు రెండు మాటలు

శుక్రవారం పొద్దున్న ఫ్రిజ్‌లోంచి ట్రే తీసి వంచగానే మంచుముక్కలు గ్లాసులోకి టకటకా రాలాయి. తాయారు చిన్నపిల్లలా నవ్వింది. పెళ్ళయి, రాజమండ్రి నుంచి దుబాయ్‌లోని డేరా పేటకి వచ్చి మూడు నెలలైనా ఆ చప్పుడంటే ఆమెకింకా ముచ్చటే.

"బీఏ చదివిన పిల్ల ఐసుగడ్డ చూసి మురిసిపోతోంది. బాగానే వంటబట్టింది చదువు!" అంది మాణిక్యాంబ, ఉల్లిపాయలు తరుగుతూ.

"కాలేజీలో ఇది చెప్పలేదు వదినా!"

"పెద్దవాళ్ళని ఓర్చుకోమనీ చెప్పలేదులే."

తాయారు నవ్వు ఆగిపోయింది. మాణిక్యాంబ ఆమె భర్త సత్తిబాబుకి అక్క. అమ్మానాన్నలు పోయాక దుబాయ్ వచ్చి, అరబ్బుల ఇళ్ళలో వండి, తమ్ముణ్ణి చదివించింది. తాయారు వచ్చిన కొత్తలో రోజూ జడ వేసింది, అబ్రా పడవ ఎక్కించి క్రీక్ కాలవ అవతలికి తీసుకెళ్ళి గాజులు కొనిపెట్టింది. అలాంటి మనిషి ఈ వారంగా నోరు తెరిస్తే చురకే. పైగా ఎల్లుండి విమానానికి ఊరెళ్ళిపోతోంది. "అక్కకి ఇక్కడ విసుగొచ్చిందట, తనే పంపించెయ్యమంది," అన్నాడు సత్తిబాబు.

అప్పుడే అతను ఇస్త్రీ చొక్కాలో వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. ఆఫీసులో అతను మిస్టర్ వీవీఎస్. ఆ ప్రాంతపు సర్కారు బడులన్నిటి తరఫునా తల్లిదండ్రులతోనూ పేపర్లతోనూ మాట్లాడే విభాగానికి పెద్ద.

"సాయంత్రం మా ముదీర్, అదే మా పెద్దాఫీసరు, భోజనానికొస్తున్నాడు. అక్కా, ఆ టైముకి నువ్వు లోపలి గదిలో నడుం వాల్చు. ప్రయాణం కదా, నీకే హాయి."

"అలాగేలే," అంది మాణిక్యాంబ.

"ముదీర్‌కి నేనంటే ఎందుకంత గురో తెలుసా తాయారూ? మొన్న ఓ బడి బస్సు ఆపేశాం. డ్రైవర్లు కుదరదన్నారని తల్లులకి చెప్పాను. తల్లులే వద్దన్నారని డ్రైవర్లకి చెప్పాను. ఖలాస్! ఒక్కరూ ఆఫీసు మీదికి రాలేదు."

మొదట్లో ఇలాంటివి చెబితే తాయారు కళ్ళింతలు చేసుకుని వినేది. ఇవాళ మాత్రం వదిన ప్రయాణం సంగతీ ఇలాంటిదేనేమోనని అనుమానమొచ్చింది. చేతులు తుడుచుకుని తిన్నగా వదిన దగ్గరికెళ్ళింది.

"వదినా, నిజం చెప్పండి. మీకు ఇక్కడ విసుగొచ్చిందా?"

"నాకా!" కత్తి ఆగింది. "నేనుంటే నీకు ఊపిరాడటం లేదనీ, నన్ను పంపేస్తే గానీ కాపురం చెయ్యనన్నావనీ వాడే చెప్పేడు గదే!"

"నేనా? మీరే వెళ్ళిపోతానన్నారని నాకు చెప్పారు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి అతని వైపు తిరిగారు.

"అది కాదు... ఇంటి పరిస్థితులన్నీ దృష్టిలో పెట్టుకుని, ఎవరికీ నొప్పి కలగకుండా..."

"ఛీ!" అంది తాయారు. "ఇంట్లో ఆడవాళ్ళం కూడా మీకు బస్సు తల్లులమూ డ్రైవర్లమూ అయిపోయామా? నా నోటితో నేననని మాట అనిపించి, ఆవిడ చేత నన్ను తిట్టిస్తారా? ఇంత పిరికివాణ్ణా నేను చేసుకున్నది!"

"నెమ్మది తాయారూ, పక్కింటివాళ్ళు..."

"వాళ్ళకీ ఓ కబురు అల్లి పంపండి, మీకదేం కష్టం?"

మాణిక్యాంబ అరవలేదు. "ఎందుకురా సత్తిబాబూ?" అని మాత్రం అడిగింది.

ఈసారి అతనికి మాటలేవీ చక్కగా కుదరలేదు.

"సిగ్గేసిందక్కా. ఇకనుంచి పెద్దవాళ్ళు మనింటికొస్తారు. నువ్వేం చేసేదానివని అడుగుతారు. ఇళ్ళలో వండేదని చెప్పలేక..."

"ఈ మాట నాతో అంటే, నేనే లోపల కూర్చునేదాన్ని కదరా. ఈ పిచ్చిపిల్లని వారంనుంచి కాల్చుకు తిన్నాను. ఆ పాపం నాకెందుకు అంటగట్టేవు?"

సత్తిబాబు గుమ్మంలోనే కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తాయారుకి జాలేసింది, కానీ దగ్గరికెళ్ళలేదు. వదిన పక్కనే కూర్చుని ఆవిడ భుజం మీద తల ఆనించింది. తడిసిన తాయారు చెంపని మాణిక్యాంబ కొంగుతో తుడిచింది.

"ఎల్లుండి ఎక్కడికీ వెళ్ళరు మీరు," అంది తాయారు.

"వాడు చెప్పనీ."

"ఉండక్కా," అన్నాడతను. మళ్ళీ గట్టిగా అన్నాడు, "నాకోసం ఉండు."

సాయంత్రం ముదీర్ వచ్చేసరికి మాణిక్యాంబ జరీచీర కట్టుకుని ముందుగదిలో బిగుసుకుని కూర్చుంది. సత్తిబాబు నుదుటి నిండా చెమటే. ఆఫీసులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి ఇంగ్లీషు కోసం తడుముకున్నాడు.

"ఈవిడ మా అక్క. ఇక్కడి ఇళ్ళలో వంట చేసి నన్ను చదివించింది."

ముదీర్ లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు.

"ఏవన్నావురా ఆయనతో?" అని అడిగింది మాణిక్యాంబ, తెలుగులో.

సత్తిబాబు ఉన్నదున్నట్టు చెప్పాడు.