పీఠం మీద సిత్లాలి బొమ్మ

మా ఆయన లియోబార్దో తను గొప్ప చిత్రకారుడినని నమ్ముతాడు. నమ్మేది ఆయనొక్కడే. ఈసారి మా ఆరేళ్ళ సిత్లాలిని కూర్చోబెట్టి బొగ్గుతో బొమ్మ గీశాడు. నిజం చెప్పాలంటే బాగానే కుదిరింది. చెదరకుండా పైన స్ప్రే కొట్టమంటే, కొడితే బొమ్మలో జీవం పోతుందన్నాడు. ఆయన మాటలన్నీ ఇలాగే ఏడుస్తాయి.

మా మెక్సికోలో, వహాకా వైపు, చనిపోయిన పిల్లలు ఇంటికొచ్చి నవంబరు ఒకటిన మధ్యాహ్నం చర్చి గంటలు మోగేదాకా ఉంటారు. మోగగానే వెళ్ళిపోతారు. పసితనంలోనే పోయిన పెద్దకొడుకు కోసం మా అత్తయ్య ఏటా పీఠం కడుతుంది. అతని ఫోటో, బంతిపూలు, వేడి చాక్లెట్టు, కారం కూరిన పిండిని మొక్కజొన్నాకుల్లో చుట్టి, ముడేసి ఉడికించిన తమాలెలు. వాళ్ళు తినేది రుచినే. ఆ తర్వాత మనం తింటే చప్పటి పిప్పి. బతికున్నవాళ్ళ బొమ్మ అక్కడ పెట్టకూడదని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

ఈ ఏడు ఆ రోజున అతని సమాధి శుభ్రం చేసి నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య వాకిట్లో సిత్లాలిని ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చుంది. పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది.

"వాడికి ఎంత మొత్తుకున్నా వినలేదే..." అంది గొంతు తగ్గించి. "దీన్ని వదిలితే పీఠం వైపే నడుస్తోంది. పొద్దుట్నుంచీ ఒళ్ళోంచి దించలేదు."

లోపలికి పరుగెత్తాను. గది నిండా కోపల్ ధూపం. బంతిపూల మధ్య నా కూతురి బొమ్మ. దాని ముందు ఓ తమాలె, చాక్లెట్టు కప్పు. లియోబార్దో ఫోన్ పట్టుకుని వంగి ఫోటోలు తీసుకుంటున్నాడు.

"వెలుతురు చూడు ఎంత బాగా పడిందో. గ్యాలరీ వాళ్ళకి పంపాలి," అన్నాడు. "నీ పల్లెటూరి భయాలు నాకు అంటించకు."

పుట్టింది ఈ ఇంట్లోనే, మహానుభావుడు.

అప్పుడు వినిపించింది. పీఠం దగ్గర... ఎవరో చాక్లెట్టు జుర్రుతున్న చప్పుడు. చిన్నపిల్లలు జుర్రినట్టు... ఒకరు కాదు.

ఇద్దరు.

బొమ్మని లాగేశాను. సగం మొహం నా అరచేతికి అంటుకుంది. అదే క్షణంలో గంటలు మొదలయ్యాయి.

"నా బొమ్మ... పాడుచేశావు కదే," అన్నాడు కన్నకూతురు పోయినంత బాధగా.

"ఛీ, నువ్వూ ఓ తండ్రివేనా," అని వాకిట్లోకి పరుగెత్తాను.

గంటలు ఆగాయి. సిత్లాలి ఒళ్ళు వెచ్చబడింది. నన్ను చూసి నవ్వింది. దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చాను.

"రా తల్లీ, ఏమైనా తిందువుగాని."

"ఆకలి లేదమ్మా. ఇందాకే తిన్నాంగా, నేనూ ఆ అబ్బాయీ."

అత్తయ్య మొహం చూశాను. మంచినీళ్ళయినా తాగలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

లోపలికెళ్ళి, బొమ్మ ముందు పెట్టిన తమాలె చేతిలోకి తీసుకున్నాను. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. విప్పి కొరికాను...

ఉప్పూ లేదు, కారమూ లేదు.